గడియారమ్మ మెచ్చని సినిమా

ఆ సినిమాను మా గ్రంథాలయం మేడమీది హాల్లో తొంభై ఆరుమంది చూశారు. లెక్క నాకెలా తెలుసంటే, గుమ్మం దగ్గర నిలబడి చీటీలు చింపింది నేనే. ఆట అయిపోయాక తొంభై అయిదుగురు ముక్కులు చీదుకుంటూ, కళ్లు ఒత్తుకుంటూ మెట్లు దిగారు. తొంభై ఆరో మనిషి మాత్రం మెట్ల మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, ఆ సినిమా తెప్పించిన మాస్టారిని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఒరే తమ్ముడూ, తొమ్మిదేళ్లు మంచంలో ఉన్నాడు కదా ఆ పెద్దమనిషి, ఆయన్ని పక్కకి తిప్పిందెవర్రా?"

మెట్ల మీద జనం ఆగిపోయారు. మాస్టారు అప్పటిదాకా ఏడ్చిన ముఖం మీదికి కోపం కూడా తెచ్చుకున్నాడు.

"అక్కా, ఇప్పుడా అడిగేది?"

"మరెప్పుడడగాలి? లోపల అడగబోతే ఉష్షన్నావు."

అలా మొదలైంది తగాదా. ఎలా తేలిందో చెప్పేముందు ఆ మనిషెవరో చెప్పాలి.

ఆవిడ పెద్దాసుపత్రిలో ఆయా. రెండో అంతస్తులో, లేవలేని రోగుల వార్డులో, ఇరవై ఏడేళ్లుగా. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుందేమో గానీ నేను ఎవరి నోటా వినలేదు. అందరికీ గడియారమ్మే. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. ఆ వార్డులో పద్నాలుగు మంచాలు. తమంతట తాము కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే, ఒత్తుకున్నచోట చర్మం కమిలి, చితికి, పుండవుతుంది. అందుకని ఆవిడ ఎనిమిదింటికి మొదటి మంచం దగ్గర మొదలుపెడుతుంది. పదింటికి మళ్లీ అక్కడే ఉంటుంది. పన్నెండింటికి మళ్లీ అక్కడే. ఒకసారి వార్డు గోడమీది గడియారం ఆగిపోయింది. ఒకరోజు గడిచాక గానీ ఎవరూ గమనించలేదు. బాగుచెయ్యడానికి వచ్చినతను, "మరి నిన్నటి నుంచీ టైము చూసి మందులెలా ఇచ్చారు?" అని నర్సులను అడిగితే, "ఆయమ్మ ఏ మంచం దగ్గరుందో చూసి," అన్నారట. ఆ రోజు నుంచి గడియారమ్మ అయింది.

మనిషి పిట్టంత ఉంటుంది. చెయ్యి ఊపుకుంటూ గబగబా నడుస్తుంది. భర్త అదే ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. "మా ఆయన జనాన్ని పైకీ కిందికీ తిప్పుతాడు, నేను అటూ ఇటూ తిప్పుతాను. మా ఇద్దరి బతుకూ తిప్పటంతోనే సరిపోయింది," అని నవ్వుతుంది.

చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. కానీ చర్మాన్ని చదవడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఇంటి దగ్గర ఆరు నెలలు వెల్లకిలా పడుకుని ఉన్న ఒకాయన్ని వార్డుకి తెచ్చారు. నడుము కింద పిడికిలి పట్టేంత పుండు. లోపల ఎముక కనపడుతోంది. అప్పటికామె వయసు ఇరవై రెండు. పళ్లెం పట్టుకుని నిలబడటమే ఆమె పని. ఆయన పక్షం రోజులు తిరక్కుండా పోయాడు. జబ్బుతో కాదు, పుండుతో. "మంచమే ఆ మనిషిని తినేసింది. నా వార్డులో మంచానికి ఇంకెవర్నీ పెట్టను," అనుకుందట ఆ రోజు. అనుకున్న మాట నిలబెట్టుకుంది.

తమ్ముడు ఆమెకన్నా పదకొండేళ్లు చిన్న. అక్క చంకలో పెరిగాడు. బాగా చదువుకుని హైస్కూల్లో మాస్టారయ్యాడు. పుస్తకాలన్నా సినిమాలన్నా ప్రాణం. నెలకో మంచి సినిమా తెప్పించి శనివారం మధ్యాహ్నం మా హాల్లో ఆడిస్తాడు. వాళ్లమ్మకి పక్షవాతం వచ్చి నాలుగేళ్లు గడియారమ్మ ఇంట్లోనే మంచాన ఉండి కన్నుమూసింది. అప్పట్లో మాస్టారు వేరే ఊళ్లో పనిచేస్తూ ఆదివారాలు వచ్చి చూసి వెళ్లేవాడు.

ఇక ఆ సినిమా. వంతెనలు కట్టే ఇంజినీరొకడు పైనుంచి పడి, మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిపోతుంది. భార్య తొమ్మిదేళ్లు పక్కన కూర్చుని ఉత్తరాలు చదివి వినిపిస్తూ కంటికి రెప్పలా చూసుకుంటుంది. తెల్లటి తెరలు, తెల్లటి దుప్పట్లు, కిటికీలోంచి పడే ఎండ. పదకొండు చోట్ల బహుమతులొచ్చాయి. గొప్పగొప్పవాళ్లు పొగిడారు. మాస్టారు హాలు గుమ్మానికి పెద్ద అట్ట కట్టి, దాని మీద ఎర్రసిరాతో రాశాడు: "జీవితాన్ని ఉన్నదున్నట్టుగా చూపిన మహాచిత్రం."

ఆ "ఉన్నదున్నట్టుగా" దగ్గరే వచ్చింది చిక్కంతా.

మాస్టారింటికీ మా ఇంటికీ ఒకటే గోడ. వినకూడదనుకున్నా వినపడుతుంది. వినాలనుకుంటే ఇంకా బాగా వినపడుతుంది. మర్నాడు ఆదివారం అక్క వచ్చింది. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని గోడవైపు కుర్చీ జరుపుకున్నాను.

"సినిమా అంటే డాక్టర్ల పుస్తకం కాదక్కా," అంటున్నాడు మాస్టారు. "అన్నీ చూపించరు."

"అన్నీ చూపించమన్నానా? ఆవిడ వంట చెయ్యడం చూపించలేదు, నేనేమన్నా అడిగానా? కానీ ఆయన వీపు చూపించారు. ఒళ్లు తుడిచేటప్పుడు. తొమ్మిదేళ్లు వెల్లకిలా పడుకున్నవాడి వీపురా అది! అద్దంలా మెరిసిపోతోంది."

"అది నటుడి వీపక్కా!"

"నేననేదీ అదే కదరా."

మాస్టారి భార్య కిసుక్కున నవ్వింది. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. మాటలు కూడా కత్తిరించినట్టే ఉంటాయి. ఆ నవ్వుతో మాస్టారికి కోపం ఇంకాస్త ఎక్కింది.

"ఆమె ప్రేమ చూడు. ఆ ప్రేమే ఆయన్ని అన్నేళ్లు కాపాడింది. సినిమా చెప్పేది అది."

"ప్రేమ ఉంటే పుండు పడదా? మా వార్డుకి పుండ్లతో వచ్చేవాళ్లంతా ప్రేమ లేని ఇళ్ల నుంచి వస్తున్నారనుకున్నావా? ప్రేమగా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ కూర్చుంటారు పాపం. ఎలా తిప్పాలో వాళ్లకెవరూ చెప్పలేదు. ఈ సినిమా చూసినవాళ్లు ఏం నేర్చుకుంటారు? పక్కన కూర్చుని ఉత్తరాలు చదివితే చాలనుకుంటారు."

"నీకు కళ తెలీదక్కా. నిన్ను పిలవడం నాదే బుద్ధితక్కువ."

ఆవిడ ఏడుస్తుందేమోననుకున్నాను.

"తెలీదురా," అంది నెమ్మదిగా. "నాకు ఇంటి దగ్గర పనుంది." చెప్పుల చప్పుడు వీధిలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మొగుడూ పెళ్లాల సంవాదం మొదలైంది. "పదకొండు చోట్ల బహుమతులిచ్చినవాళ్లు వెర్రివాళ్లా?" అంటాడు ఆయన. "వెర్రివాళ్లని ఎవరన్నారు? వాళ్లలో ఒక్కరైనా మంచం పక్కన నాలుగేళ్లు నిలబడ్డారేమో కనుక్కోండి," అంటుంది ఆవిడ. రెండు రోజులు ఆ ఇంట్లో పళ్లేల చప్పుడు తప్ప మాటల చప్పుడు లేదు.

బుధవారం మాస్టారు గ్రంథాలయానికి వచ్చి నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. వచ్చే శనివారం మూడింటికి బహిరంగ చర్చ. విషయం: ఈ సినిమాకి ఇంత మెప్పు తగునా? "మా అక్కకి మీరే చెప్పండి. నేను చెబితే రాదు. ఏదన్నా ఉంటే నలుగురి ముందూ చెప్పమనండి," అన్నాడు. ఆ గొంతులో ఉక్రోషం ఎంతో, అక్క రాకుండా ఉంటే బాగుండునన్న ఆశ కూడా అంతే ఉంది.

నేను ఆసుపత్రికి వెళ్లాను. వార్డంతా ఉడికించిన బట్టల వాసన. వరసగా మంచాలు, ప్రతి మంచం మీదా అదనంగా రెండేసి దిండ్లు. ఆవిడ ఆరో మంచం దగ్గరుంది. నన్ను చూడగానే, "వచ్చారా, ఆ దిండిలా పట్టుకోండి," అంది. పట్టుకున్నాను. మంచంలో ఉన్న ముసలాయన నాకు రెండింతలున్నాడు. ఆవిడ చేతులెక్కడ వేసిందో, ఎప్పుడు తిప్పిందో నాకు తెలిసేలోపే ఆయన పక్కకి తిరిగి హాయిగా గోడవైపు చూస్తున్నాడు. నా చేతిలో దిండు కూడా ఎప్పుడో ఆయన వీపు వెనకాల చేరిపోయింది.

నేను విషయం చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కుంటూ విన్నది.

"మాటల్లో వాడితో నేను గెలవలేనండీ. మాటలు వాడి సొత్తు. మీ హాల్లో మంచమేదైనా ఉందా?"

"గ్రంథాలయంలో మంచమెక్కడిదమ్మా?"

"పోనీ, పొడుగు బల్ల?"

"దినపత్రికలు చదువుకునే బల్ల ఉంది."

"చాలు. దాన్ని పైకెక్కించండి," అంది.

శనివారం నూటఇరవై మందికి పైగా వచ్చారు. అక్కాతమ్ముళ్ల పంతం సంగతి ఊరంతా పొక్కింది మరి. కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. మాస్టారు నలభై నిమిషాలు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, అబద్ధమెందుకు చెప్పాలి! ఆ సినిమాలో వెలుగు గురించి, మౌనం గురించి, త్యాగం గురించి చెబుతుంటే నాకు మళ్లీ కళ్లు చెమర్చాయి. తర్వాత ఒక ప్లీడరు, ఇద్దరు లెక్చరర్లు లేచి ఆయన చెప్పిందే ఇంకాస్త పొడుగ్గా చెప్పారు.

అప్పుడు గడియారమ్మ లేచింది. పెద్ద గోనెసంచిలోంచి ఒక దుప్పటి, మూడు దిండ్లు తీసి బల్ల మీద పెట్టింది. హాల్లో గుసగుసలు.

"నాకు ఉపన్యాసం రాదు. ఒక రోగి కావాలి. బరువైనవాడైతే మంచిది."

ఎవరూ కదల్లేదు. మొదటి వరసలోంచి మాస్టారి భార్య వెనక్కి తిరక్కుండానే అంది:

"ఏవండీ, లేవండి. మీకన్నా బరువైనవాళ్లు ఈ హాల్లో లేరు."

హాలు గొల్లుమంది. తప్పించుకునే దారి లేక మాస్టారు వచ్చి బల్ల ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు.

"నువ్విప్పుడు ఆ ఇంజినీరువి. మెడ కింద ఏదీ కదలదు. మాట కూడా రాదు."

"అక్కా, ఇదేమిటి..."

"మాట రాదన్నానా!"

మళ్లీ నవ్వులు. ఆవిడ నవ్వలేదు. తమ్ముణ్ణి అలా పడుకోబెట్టి, జనం వైపు తిరిగి మామూలుగా చెప్పుకుపోయింది. మంచంలో ఉన్నవాళ్లకి ఎక్కడెక్కడ ఒత్తుకుంటుందో తన ఒంటి మీదే వేలితో చూపించింది. తల వెనకభాగం, భుజం రెక్కలు, మోచేతులు, నడుము కింద ఎముక, మడమలు. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదలాలని, తెల్లబడి మళ్లీ రంగొస్తే పరవాలేదని, నొక్కినా ఎర్రగానే ఉంటే చర్మం చచ్చిపోవడం మొదలైనట్టేనని చెప్పింది. అక్కడ రుద్దకూడదనీ, పౌడర్లూ పసర్లూ పూయకూడదనీ, ముందు ఆ చోటు మీంచి బరువు తీసెయ్యాలనీ చెప్పింది. జనం బడిపిల్లల్లా వింటున్నారు. ఈలోపు బల్ల మీద మాస్టారు మెల్లగా కాళ్లు కదపడం మొదలుపెట్టాడు.

"ఏరా, ఎందుకు కదులుతున్నావు?"

"మడమలు నొప్పెడుతున్నాయక్కా. నడుము కింద కూడా..."

గడియారమ్మ గోడ గడియారం వైపు చూడకుండానే చెప్పింది. "పడుకుని పదకొండు నిమిషాలైంది. పరుపైతే ఇంకాసేపు ఓర్చుకునేవాడివి. నీకు నొప్పి తెలుస్తుంది కాబట్టి కదిలావు. ఆ ఇంజినీరుకి తెలీదు. తొమ్మిదేళ్లకి ఎన్ని పదకొండు నిమిషాలో నువ్వే లెక్కెయ్యి, మాస్టారివి కదా."

కుర్చీల్లో ఉన్నవాళ్లు కూడా కాస్త అటూ ఇటూ జరిగి కూర్చున్నారు.

"ఇప్పుడు చూడండి." ఆవిడ బల్ల పక్కకి వచ్చి తమ్ముడి చెయ్యి ఛాతీ మీదికి వేసింది. అవతలి మోకాలు పైకి మడిచింది. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద. "లాగకూడదు. లాగితే చర్మం పరుపుకి రాసుకుపోతుంది. మన బరువుతో తిప్పాలి, చేతుల బలంతో కాదు." తన ఒళ్లు వెనక్కి వాల్చింది. అంత మనిషీ తలుపు తెరుచుకున్నట్టు ఆవిడ వైపు తిరిగాడు. బల్ల చప్పుడైనా చెయ్యలేదు. వెనక వరసలోంచి ఎవరో "అబ్బా!" అన్నారు. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు గాల్లో ఉండేటట్టు పిక్కల కింద ఒక దిండు. దుప్పటి ముడతలు సవరించింది.

మాస్టారు పక్కకి తిరిగి, బల్ల మీద చెంప ఆనించి ఉన్నాడు. ముఖం మాకు కనపడుతోంది. ఆయన చూపు మోకాళ్ల మధ్య ఉన్న దిండు మీద ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు. "అమ్మకి ఎప్పుడూ ఇక్కడొక దిండుండేది."

"ఉండేదిరా."

"ఎందుకో నేనెప్పుడూ అడగలేదు."

"నువ్వు ఆదివారం పదకొండింటికి వచ్చేవాడివి. నువ్వొచ్చేసరికి నేను అన్నీ తీసేసి, ఒళ్లు తుడిచి, తల దువ్వి, ఉతికిన దుప్పటి వేసేదాన్ని. ఆ పూట నువ్వు అమ్మని అమ్మలా చూసుకోవాలని."

మాస్టారు లేచి కూర్చున్నాడు. జుట్టు చెదిరిపోయింది. నూటఇరవై మంది ముందు బల్ల మీంచి కాళ్లు వేలాడేసుకుని, బడిపిల్లాడు తప్పు ఒప్పుకున్నట్టు చెప్పాడు:

"నేను చూసిన అమ్మే ఈ సినిమాలో ఉందండీ. తెల్ల దుప్పటి, దువ్విన తల. అందుకే ఉన్నదున్నట్టుగా ఉందనుకున్నాను. ఉన్నదంతా మా అక్క చేతుల్లో ఉంది. నేను దాన్ని నాలుగేళ్లూ చూడలేదు. సినిమా తీసినవాళ్లూ చూడలేదు."

బల్ల దిగి, నా జేబులోంచి పెన్ను లాక్కుని, గుమ్మం దగ్గర అట్ట మీద "ఉన్నదున్నట్టుగా" అన్నమాటని అడ్డంగా కొట్టేశాడు. హాలంతా చప్పట్లు. మాస్టారి భార్య లేచి నిలబడి మరీ కొట్టింది.

ఆ చప్పట్ల మధ్యలో ఒక గొంతు "ఆగండి," అంది. ఒకప్పుడు కోర్టులో టైపిస్టుగా చేసిన పెద్దావిడ, చేతికర్ర మీద లేచి నిలబడింది.

"మా ఆయన్ని నేను అయిదేళ్లు చూసుకున్నాను. పుండ్లు పడ్డాయి. అవెలా ఉంటాయో నాకు మీరు చెప్పక్కర్లేదు. సినిమాలో కూడా వాటినే చూడాలా నేను? నాకు ఆ తెల్ల దుప్పటే కావాల్సి వచ్చింది. నాకు ఆ సినిమా మందులా పనిచేసింది. దాన్ని కొట్టెయ్యడానికి మీరెవరు?"

గడియారమ్మ ఆవిడ దగ్గరికి నడిచి వెళ్లింది.

"మీ ఏడుపు అబద్ధం కాదమ్మా. ఆ సినిమాలో నిజం లేదని కూడా నేననను. ఆవిడ రోజూ పొద్దున్నే కిటికీ తీసి, వీధిలో ఎవరు పోతున్నారో ఆయనకి చెబుతుంది చూడండి, పాలబ్బాయి కొత్త సైకిలు కొన్నాడని, ఎదురింటి పిల్లకి పళ్లూడాయని. అది మంచం పక్కన కూర్చున్నవాళ్లెవరో చెబితేనే రాసుంటారు. నాకూ మా అమ్మ గుర్తొచ్చింది అక్కడ. దానికి ఇవ్వండి బహుమతి, పదకొండూ ఇవ్వండి. ఏడ్చిన కళ్లకి ఇన్ని బహుమతులిచ్చారు కదా, తిప్పిన చేతుల్ని ఒక్కసారైనా చూపించి ఉండాల్సింది. అంతే నేననేది."

పెద్దావిడ చాలాసేపు ఆ చేతుల్నే చూసింది. "ఆ అయిదేళ్లూ నువ్వెక్కడున్నావే తల్లీ," అంది చివరికి. సినిమా విషయంలో మాత్రం ఆవిడ తన మాట మార్చుకోలేదు. ఇప్పటికీ ఎవరైనా ఏమన్నా అంటే కర్ర ఎత్తుతుంది.

చర్చ అక్కడితో ముగిసిందనుకుని నేను కుర్చీలు సర్దబోతుంటే, ఆఖరి వరసలోంచి ఒక భారీ మనిషి లేచాడు. లారీలు బాగుచేసే మెకానిక్కు. సినిమా చూడలేదు. ఎవరో చెబితే వచ్చాడు.

"అమ్మా, మా అమ్మకి ఆల్రెడీ పుండు పడిపోయింది. అదింక మానదా?"

"ఎంతుంది?"

ఆయన నూనెమరకల అరచేయి తెరిచి, మధ్యలో ఒక గుండ్రం గీసి చూపించాడు.

"ఎముక కనపడుతోందా?"

"లేదు."

"అయితే మానుతుంది. సోమవారం మా డాక్టరుకి చూపిద్దాం. రేపు పొద్దున నేనే వస్తా, మీకు తిప్పడం నేర్పుతాను," అంది. ఆ మాటతో ఆవిడ చుట్టూ జనం మూగారు. మా నాన్నకి, మా అత్తకి, మా పిల్లకి అంటూ. ఊళ్లో ఇన్ని మంచాలున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ పైవారం ఆదివారం నుంచి మా దినపత్రికల బల్లకి కొత్త ఉద్యోగం వచ్చింది. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా గడియారమ్మ తరగతి. మొదటివారం ఇరవైమంది. రెండోవారం నలభై ముగ్గురు. రోగిగా పడుకోవడానికి మాస్టారే స్థిరపడిపోయాడు. మూడోవారం గుమ్మంలో తెల్లబట్టలతో ఒకావిడ వచ్చి నిలబడింది. ఆసుపత్రి నర్సులందరి మీదా అధికారిణి, పెద్ద సిస్టరు. ఆమె నడిచొస్తుంటే వార్డులో ఈగలు కూడా వరసలో నిలబడతాయంటారు. ఆయా ఒకత్తి అనుమతి లేకుండా బయట పాఠాలు చెబుతోందని ఎవరో చాడీలు మోసినట్టున్నారు. గడియారమ్మ ముఖం పాలిపోయింది. కానీ తిప్పుతున్న మనిషిని మధ్యలో వదలలేదు. పూర్తిగా తిప్పి, దిండ్లు పెట్టి, దుప్పటి సరిచేసి అప్పుడు చేతులు కట్టుకుని నిలబడింది.

పెద్ద సిస్టరు బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. మాస్టారి మడమల కింద చెయ్యి పోనిచ్చి చూసింది.

"నీ వార్డులో పుండు పడి ఎన్నేళ్లయింది?"

"నేను పొద్దున డ్యూటీకి మారి, మిగతా డ్యూటీల ఆయాలకీ తిప్పడం చూపించినప్పటి నుంచీ కొత్తది పడలేదు సిస్టర్. ఇరవై ఆరేళ్లు."

"ఇరవై ఆరేళ్లు నా కళ్లెదురుగా ఉండి, నా దగ్గర చదువుకునే పిల్లలకి ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు సిస్టర్."

"ఇప్పుడడుగుతున్నాను. గురువారం రెండింటికి నర్సింగ్ స్కూల్లో క్లాసు. ఆలస్యమైతే ఊరుకోను," అని పెద్ద సిస్టరు గిర్రున తిరిగి మెట్లు దిగిపోయింది. హాల్లో అరుపులకి కింద చదువుకుంటున్నవాళ్లు పైకి పరుగెత్తుకొచ్చారు. అంత గోల ఆ భవనంలో ముందెన్నడూ కాలేదు. నిశ్శబ్దం పాటించండి అనే బోర్డు కింద నిలబడి, ఉద్యోగధర్మం మరిచిపోయి నేనూ ఈల వేశాను.

ఆసుపత్రి పుట్టాక ఒక ఆయా పాఠం చెప్పడం అదే మొదలు. ఆ గురువారం లిఫ్టాయన, అంటే ఆవిడ భర్త, నర్సింగ్ స్కూలు ఉన్న అంతస్తుకి ఎక్కిన ప్రతివాళ్లకీ, "లోపల మా ఆవిడ క్లాసు," అని చెప్పి గాని తలుపు తియ్యలేదట.

ఇక మెకానిక్కు సంగతి. ఆయన ఇల్లు లారీ షెడ్డు పైన. కింద ఎప్పుడూ ఇనుము మోగుతూ ఉంటుంది. రోజు విడిచి రోజు గడియారమ్మ డ్యూటీ దిగి అక్కడికి వెళ్లేది. కట్టు ఎలా మార్చాలో డాక్టరు చెప్పాడు. ఎలా పడుకోబెట్టాలో ఆవిడ చెప్పింది. మెకానిక్కు రెండు గంటలకోసారి స్పానరు కింద పెట్టి, చేతులు తోముకుని, మెట్లెక్కి వెళ్లేవాడు. మొదట్లో తల్లిని ఇంజనెత్తినట్టు ఎత్తబోయి తిట్లు తిన్నాడు. నెలకి గుండ్రం రూపాయంతయింది. రెండు నెలలకి బొత్తామంతయింది.

పదకొండో వారంలో ఒక సాయంత్రం గడియారమ్మతో పాటు మాస్టారూ నేనూ కూడా వెళ్లాం. మేం బయటిగదిలో కూర్చున్నాం. లోపల ముసలావిడ ఏదో గొణుగుతోంది. మెకానిక్కు "నెమ్మది, నెమ్మది" అంటున్నాడు. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నొక్కి చూడండి మీరే," అంది లోపల గడియారమ్మ గొంతు.

"తెల్లబడింది," అన్నాడు మెకానిక్కు. ఆ వెంటనే, "రంగొచ్చేసిందమ్మా! మళ్లీ రంగొచ్చేసింది!"

"మరి? కొత్త చర్మం. మీరు తెచ్చుకున్నదే."

ఆరడుగుల మనిషి మమ్మల్ని దాదాపు తొక్కుకుంటూ వరండాలోకి పరుగెత్తాడు. పిట్టగోడ మీంచి షెడ్డులోకి వంగి, ఆ వీధి చివరిదాకా వినపడేటట్టు అరిచాడు:

"ఒరేయ్! మానిపోయిందిరా! మా అమ్మకి పూర్తిగా మానిపోయింది!"

కింద ఒక్క క్షణం పని ఆగింది. తర్వాత ఎవరో స్పానరుతో లారీ బంపరు మీద ఠంగుమని కొట్టారు. ఇంకొకరు సుత్తితో అందుకున్నారు. షెడ్డులో ఉన్న పదిమందీ చేతిలో ఏది ఉంటే దానితో, దగ్గర ఏ ఇనుము ఉంటే దాని మీద మోగించడం మొదలుపెట్టారు. గడియారమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చి కిందికి చూసింది. ఆవిణ్ణి చూడగానే ఆ మోత రెట్టింపయింది. చెవులు మూసుకోవాల్సినంత మోత. ఆవిడ మూసుకోలేదు.